పది చేతుల మిరపకోత

పలనాడు మొత్తం మీద, కృష్ణకు ఇవతలి గట్టున, రాతి మీద బొమ్మ వేసి రెండు రంగుల్లో కాగితం మీదికి దించిన మొట్టమొదటి మొనగాడు నడికుడి ఇన్నయ్య. రాయి తీసింది అతనే, నున్నగా నూరింది అతనే, బొమ్మ గీసింది అతనే, సిరా కలిపింది అతనే, యంత్రం పిడి తిప్పింది అతనే. పక్కన సాయానికి ఒక్క మనిషి లేడు. పోనీ చేతులైనా నిండుగా ఉన్నాయా అంటే అదీ లేదు, రెండు వేళ్ళు తక్కువ. ఎనిమిది వేళ్ళతో అంత పని చేసినవాణ్ణి మీరు ఎక్కడా చూసి ఉండరు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఈ కథ వింటుంటే, కాసేపు నోరు మెదపకుండా కూర్చోవాలని మనవి.

ముందు ఆ రెండు వేళ్ళ సంగతి. సాగర్ డ్యాము పనులు మొదలైన కొత్తలో రాయికి గిరాకీ పెరిగింది. ఇన్నయ్య నడికుడి క్వారీలో నాపరాళ్ళు చీల్చేవాడు. ఒక మధ్యాహ్నం లారీలోకి ఎత్తుతున్న బండ జారి అతని కుడిచేతి మీద పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. గాయం మానాక మళ్ళీ పనికి వెళితే మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సుత్తి జారిందంటే పక్కోడి కాలు పోద్ది ఇన్నయ్యా. నిన్నెట్టా పెట్టుకోను" అన్నాడు.

తప్పు మాటేమీ కాదు. రెండో క్వారీలోనూ అదే మాట, మూడో క్వారీలోనూ అదే. భార్య ఫిలోమినా మిరపకాయల కూలికి పోతుంటే, ఇన్నయ్య రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద, ఆ బెంచీని ఎవరన్నా ఎత్తుకుపోతారేమో అన్నట్టు పొద్దస్తమానం కాపలా కూర్చునేవాడు.

మౌలాలీ అనే ముసలాయన దిగింది ఆ బెంచీ ముందే. గూడ్సు బండిలో, ఒక ఇనప యంత్రంతో సహా దిగాడు. ఆ యంత్రం బరువుకు గూడ్సు పెట్టె ఒక పక్కకు ఒరిగి వచ్చిందనీ, దాన్ని కిందికి దించగానే పెట్టె హమ్మయ్య అని నిటారుగా నిలబడిందనీ పోర్టర్లు నాలుగు నెలలు చెప్పుకున్నారు.

మౌలాలీకి అప్పటికి అరవై దాటాయి. ఏటి అవతల పట్నంలో ముప్పై ఏళ్ళపాటు ఒక ఉర్దూ పత్రికను రాతి మీద అచ్చు వేసినవాడు. పత్రిక మూతపడింది. యజమాని కన్నుమూసే ముందు, "ఇది నీ చేతికి అలవాటు పడ్డది, నువ్వే ఉంచుకో" అని యంత్రాన్ని అతనికి ఇచ్చేశాడు. కూతురి ఇంట్లో దానికి చోటు లేదు. అల్లుడు దాన్ని తుక్కు కింద వేసేద్దామన్నాడు. మౌలాలీ యంత్రాన్ని రైలెక్కించాడు.

"ఏం పని చేస్తవు బిడ్డా" అని అడిగాడు బెంచీ మీది ఇన్నయ్యను.

"ఏం లేదు. కూర్చుంటా."

"కూర్చునే పనికి మస్తుమంది ఉన్నరు. తిప్పే పని ఉన్నది, చేస్తవా?"

ఇన్నయ్య తన కుడిచెయ్యి ముందుకు చాపి చూపించాడు. మౌలాలీ దాన్ని పట్టుకుని తీసుకుపోయి యంత్రం పిడి మీద పెట్టి, బొటనవేలు ఎక్కడ ఉండాలో సర్ది, ఒక చుట్టు తిప్పించాడు.

"పిడికి మూడు వేళ్ళు చాలు. మిగిలినయి ఊరికె పక్కన కూసుంటయి" అన్నాడు.

క్వారీ వదిలాక ఇన్నయ్య చేతికి పని దొరికింది ఆ క్షణానే. ఆ మేలు అతను చచ్చేదాకా మరిచిపోలేదు.

మౌలాలీ నడికుడికే రావడానికి కారణం రాయి. ఇక్కడి సున్నపురాయిలో గింజ సన్నగా ఉంటుందనీ, జర్మనీ రాయి దొరకని రోజుల్లో తన యజమాని ఇక్కడినుంచే రాళ్ళు తెప్పించాడనీ అతను చెప్పాడు. రాతి అచ్చు విద్య కూడా మొదటి రోజే చెప్పేశాడు, దాచుకోలేదు. నున్నగా నూరిన రాతి మీద జిడ్డు బలపంతో బొమ్మ గీయాలి. దాని మీద తుమ్మ జిగురు పూసి ఆరనివ్వాలి. తర్వాత రాయి తడిపి సిరా రోలరు దొర్లిస్తే జిడ్డు ఉన్నచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటుకోదు. ఆ మీద కాగితం వేసి యంత్రంలో నొక్కితే బొమ్మ. ఒక్కసారి గీస్తే వంద కాగితాలు.

ఆ వంద అన్న మాట ఇన్నయ్య తలకెక్కింది. గురజాలలో సుందరి పొడిచే పచ్చబొట్టు ఒక్క చేతికే. మాచర్ల మస్తానయ్య రాసే బోర్డు ఒక్క దుకాణానికే. రోశమ్మ వేసే ముగ్గు పొద్దెక్కేసరికి ఎవరో తొక్కేస్తారు. అదే రాతి మీద గీస్తే వంద ఇళ్ళ గోడలకు ఎక్కుతుంది, తిరనాళ్ళలో అమ్ముడుపోతుంది. ఇన్నయ్య బస్సులెక్కీ, ఎడ్లబండ్లు పట్టుకుని వేలాడీ పలనాడంతా తిరిగాడు. దుర్గిలో శిల్పాలు చెక్కే బాలకోటయ్య రాళ్ళు నూరి పెడతానన్నాడు. మిషను బడిలో పాఠాలు చెప్పే సారమ్మ టీచరు బొమ్మలు గీస్తానంది. తోలుబొమ్మలు కోసే కోటయ్య, పెళ్ళికూతుళ్ళ చేతులకు గోరింటాకు పెట్టే అబిదా, ఎడ్లబండ్లకు రంగులు వేసే మక్బూల్ కూడా వచ్చారు. సుందరి, మస్తానయ్య, రోశమ్మ సరేనన్నారు. ఈ పేర్లన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మౌలాలీ, ఇన్నయ్యలతో కలిపి సరిగ్గా పదిమంది అని గుర్తుంటే చాలు. సహకార సంఘం పెట్టాలంటే పదిమంది ఉండాలి, పదకొండోవాడు వాళ్ళకు దొరకలేదు. ఎవరూ ఒప్పుకోనందువల్ల ఇన్నయ్యే సెక్రటరీ.

స్టేషన్ రోడ్డులో ఒక మిరపకాయల షావుకారు తన గోడౌన్‌లో చోటిచ్చాడు. మంచివాడే, కాకపోతే ఒక షరతు పెట్టాడు.

"సర్కారు ముద్ర పడ్డ సంఘమైతే ఎన్నాళ్ళైనా ఉండండయ్యా, నాకూ పేరు. ముద్ర పడకపోతే మాత్రం కాయ వచ్చేలోపు ఖాళీ చెయ్యాల. యంత్రం పక్కన మిరపకాయ పోస్తే రెండూ చెడతయ్."

ముద్ర వేయవలసినవాడు సహకార శాఖ ఇన్‌స్పెక్టరు గోపాలరావు. నవ్వును పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చిన మనిషిలా ఉండేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గోడౌనంతా కలియదిరిగాడు. ఆ రోజు అక్కడ ఇన్నయ్య, మౌలాలీ తప్ప ఎవరూ లేరు.

"మిగతా ఎనిమిది మందీ ఎక్కడయ్యా?"

"వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో ఉన్నారండి. పని పడ్డప్పుడు వస్తారు."

"పోయినేడు ఒక ఊళ్ళో మేకల సంఘం రిజిస్టరు చేశాను. సభ్యులు పదిమంది, అంతా ఒకాయన బామ్మర్దులు. మేకలూ ఆయనవే. మా పైవాళ్ళు నన్ను పిలిచి మేకను కోసినట్టు కోశారు." గోపాలరావు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "కాగితం మీద పదిమంది ఉంటారు, పనిలో ఒక్కడుంటాడు. నాకు పదిమంది పని కనబడాలి. వచ్చే నెల మూడో శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల బండికి వస్తాను. కనబడలేదంటే మీ కాగితాలు వెనక్కే."

ఇక్కడ ఇన్నయ్య ఒక పొరపాటు చేశాడు. ఇన్‌స్పెక్టరు అడిగింది ఒకటైతే, అతను విన్నది ఇంకొకటి. గొప్ప బొమ్మ ఒకటి చూపిస్తే ఆయన కళ్ళు చెదిరి ముద్ర తనంతట తనే పడుతుందనుకున్నాడు. పైగా మౌలాలీ తెచ్చిన జిడ్డు బలపాల్లో వేలెడు ముక్క మిగిలింది. పదిమందికి పంచితే పది గీతలు రావు. అందుకని పదిమందిలోకీ బాగా గీసే సారమ్మ టీచరుకు ఆ ముక్క అప్పజెప్పారు.

ఆమె పన్నెండు రోజులు బడి వదిలాక వచ్చి గీసింది. మిరపచేలో కాయలు కోస్తున్న కూలీ ఆడవాళ్ళ బొమ్మ. రెండు రాళ్ళు. ఒక రాతి మీద నలుపు కోసం మనుషులు, చెట్లు, ఆకాశం. రెండో రాతి మీద ఎరుపు కోసం ఒట్టి మిరపకాయలు. ముందు ఎరుపు అచ్చు వేసి, దాని మీద నలుపు పడేస్తే బొమ్మ పూర్తవుతుంది. గోడౌన్‌లో ఆ పన్నెండు రోజులూ కట్టుదిట్టాలు ఇంతా అంతా కాదు. తలకు నూనె రాసుకున్నవాళ్ళు గుడ్డ కట్టుకుంటేనే లోపలికి రావాలి. గారె తిన్నవాడు చేతులు రెండుసార్లు కడగాలి. రాతికి జిడ్డు ఒకసారి తగిలితే మరిచిపోదని మౌలాలీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పేవాడు.

శుక్రవారం వచ్చింది. పొద్దుటి బండికి మాచర్ల వైపునుంచి సభ్యులు వస్తుంటే ఇన్నయ్య, మౌలాలీ, సారమ్మ వాళ్ళకు ఎదురెళ్ళారు. ముందు రోజే బస్సు మీద వచ్చిన బాలకోటయ్య ఒక్కడూ గోడౌన్‌లో ఉన్నాడు.

బాలకోటయ్య అంతవరకు ఇరవై రాళ్ళు నూరి పంపాడు గానీ అవన్నీ ఉత్త రాళ్ళు. బొమ్మ గీయడం పూర్తయిన రాయిని అతను చూడటం అదే మొదలు. దుర్గిలో వాళ్ళ తాతల నాటినుంచీ ఒక పద్ధతి. చెక్కడం అయిన ప్రతిమకు నూనె పెట్టనిదే పని పూర్తయినట్టు కాదు. బూడిదరంగు రాయి నూనె తాగి నల్లగా నిగనిగలాడితేనే గాట్లన్నీ పైకి తేలతాయి. పొడి ప్రతిమను గడప దాటించడమంటే తలంటకుండా పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టడమే. కట్టుదిట్టాల మాట అతనికీ తెలుసు. కానీ అవి గీసేటంతవరకే అనుకున్నాడు. గీయడం అయిపోయింది గదా. సంచిలోంచి గానుగ నువ్వుల నూనె సీసా తీశాడు. మనుషులూ ఆకాశమూ ఉన్న పెద్ద రాయికి, అరచేత్తో, భక్తిగా, అంచులదాకా పట్టించాడు. రెండో రాతి దగ్గరికి వచ్చేసరికి సీసా ఖాళీ అయింది.

స్టేషన్ నుంచి అందరూ వచ్చారు. ముందుగా ఒక కాగితం తీసి చూద్దామని మౌలాలీ రాయి తడిపి రోలరు దొర్లించాడు. సిరా మనుషుల మీద పడింది, చెట్ల మీద పడింది, ఆకాశం మీద కూడా పడింది. ఇన్నయ్య పిడి తిప్పాడు. కాగితం ఎత్తి చూస్తే చేను లేదు, కూలీలు లేరు. అమావాస్యను మూరల లెక్కన కత్తిరించి తెచ్చినట్టు నలుచదరం నలుపు. ఆ కాగితాన్ని వాకిట్లో తీగ మీద ఆరేస్తే, వీధిలో తిరిగే కోళ్ళు ఒకసారి తలెత్తి చూసి, పొద్దుగూకిందనుకుని గూళ్ళకు పోయాయి.

"రాయికి ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?" అన్నాడు మౌలాలీ చిన్న గొంతుతో.

"నేనే. నూనె పెట్టా" అన్నాడు బాలకోటయ్య. "పొడిగా ఉంటే మనసొప్పలా."

మౌలాలీ ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. ఇన్నయ్యకు పిడి మీద చెయ్యి తీయబుద్ధి కాలేదు. సాయంత్రం నాలుగు గంటలు. ముద్ర పడదు, గోడౌన్ పోతుంది, యంత్రం తుక్కు అవుతుంది, ఈ ముసలాయన అల్లుడి ఇంటికి పోతాడు, తను మళ్ళీ బెంచీ మీదికి. నోటిదాకా వచ్చిన తిట్టు పెద్దదే. కానీ బాలకోటయ్య ముఖం చూస్తే ఆ తిట్టు ఇంకెవరినైనా తిట్టడానికి దాచుకోవాలనిపించింది.

పన్నెండు రోజుల పని పోయింది సారమ్మది. ఆమె మాట కోసం అందరూ చూస్తున్నారు. ఆమె రాతి దగ్గరికి వెళ్ళి వంగి వాసన చూసింది.

"ఏం నూనె బాబాయ్?"

"నువ్వుల నూనె తల్లీ. గానుగలో ఆడించింది."

"ఇంకా ఉందా?"

"లేదమ్మా, అయిపోయింది."

"దేవుడు గొప్పవాడు" అంది సారమ్మ. "ఎర్ర రాయి బతికింది."

మౌలాలీ నేల మీదే కూర్చుని వేళ్ళు ముడిచాడు. రాయి మళ్ళీ నూరడానికి రెండు గంటలు. గీశాక జిగురు కింద ఉంచడానికి గంటన్నర. మధ్యలో గీయడానికి రెండు గంటలు మిగులుతాయి.

"పన్నెండు రోజులు గీసింది రెండు గంటల్లో నా ఒక్కదాని వల్ల కాదు" అంది సారమ్మ.

ముగ్గుల రోశమ్మ కొంగు బిగించింది. "ఇద్దరు ఆడోళ్ళని నేను గీస్తాలే. చీరల మీద చుక్కలు కూడా పెడతా."

"నేనొకామెను గీస్తా" అన్నాడు తోలుబొమ్మల కోటయ్య. "కానీ ఆమె పక్కకే చూస్తది. నాకు ఎదురుమొహం రాదు."

"అందరూ గీస్తే సరే, దేంతో గీస్తారు" అన్నాడు ఇన్నయ్య. "బలపం నిన్ననే అయిపోయింది."

అప్పుడే ఫిలోమినా అందరికీ చద్దన్నం గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. సంగతి విని గంప దించింది.

"ఆ బలపంలో ఏముంటది మామా?"

"మైనం, సబ్బు, జిడ్డు, దీపం మసి" అన్నాడు మౌలాలీ. "దొరల సీమనుంచి వస్తది బిడ్డా, ఇక్కడ దొరకదు."

"ఆముదం దీపం మసిలో ఆముదం కలిపితే కాటుక. అది మా ఇంట్లో రెండు బరిణెలుంది. సబ్బు చాకలి రేవులో ఉంది. మైనానికి గుళ్ళో కొవ్వొత్తి ముక్కలున్నయ్, ఫాదరుగారిని అడుక్కొస్తా." ఆమె ఇన్నయ్య వైపు తిరిగింది. "ఏందయ్యా, నెలరోజులబట్టి బలపం బలపం అని ఏడుస్తన్నావు. ఒక్కనాడన్నా అది దేంతో చేస్తారో నాకు చెప్పావా?"

ఇన్నయ్య పోయి పొయ్యికి మూడు రాళ్ళు ఏరుకొచ్చాడు.

ఆమె మూడు రాళ్ళ పొయ్యి మీద ముంత పెట్టి అన్నీ కలిపి కరిగించింది. పోత పోయడానికి అచ్చు కావాలంటే బొప్పాయి ఆకుల కాడలు కోసుకొచ్చింది. లోపల బోలుగా ఉంటాయి కదా, వాటిలో పోసి కుండ నీళ్ళలో నిలబెట్టింది. గట్టిపడ్డాక కాడ చీలిస్తే లోపలినుంచి నల్లటి బలపం. మౌలాలీ ఒక గీత గీసి చూసి, ముప్పై ఏళ్ళు సీమ సరుకు కోసం ఎదురుచూసిన తన యజమానిని తలుచుకుని ఇంకో గీత గీశాడు.

ఈలోపు రాయి నూరడం మొదలైంది. నూనె పట్టిన రాయి మీద ఒక ఉత్త రాయి బోర్లించి, మధ్యలో ఇసక, నీళ్ళు పోసి, చెరో పక్కనా పట్టుకుని సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. ఒక పక్క బాలకోటయ్య, ఇంకో పక్క ఇన్నయ్య.

"తిట్టరా" అన్నాడు బాలకోటయ్య. "నువ్వు తిట్టకపోతే నాకు చెయ్యి ఆడట్లా."

"తిట్టే టైము లేదు బాబాయ్. తిప్పు."

"పోనీ ముద్ర పడ్డాక తిడతావా?"

"పడ్డాక ఎందుకు తిడతా. పడకపోతే అప్పుడు చూద్దాం."

రాయి తెల్లగా తేలింది. సారమ్మ ఎర్రమట్టి ముక్కతో, అది జిడ్డు కాదు గనక అచ్చుకెక్కదు, మిరపకాయలు ఎక్కడ పడతాయో గుర్తులు పెట్టి, ఎవరికి ఎంత చోటో గీసిచ్చింది. రాతికి చేతులు తగలకుండా అడ్డంగా ఒక పలక వేశారు. మనుషులు చుట్టూ కూర్చున్నారు.

మొదట్లో నేను బొమ్మ గీసింది ఇన్నయ్య ఒక్కడే అన్నానా. అప్పుడు మీకూ నాకూ ఇంకా చనువు లేదు, కాస్త ఘనంగా మొదలుపెడదామని అన్నాను. అది అబద్ధం. రాయి నూరింది బాలకోటయ్య, విద్య మౌలాలీది, బలపం ఫిలోమినాది, బొమ్మ ఎంతమందిదో ఇప్పుడు చూస్తారు. ఇన్నయ్యకు తిన్నగా ఒక గీత గీయడం కూడా రాదు. ఒంటిచేత్తో చేశాడనుకుంటే మీ మనసులోంచి అది ఇప్పుడే తీసేయండి, నేనూ తీసేస్తున్నా.

రోశమ్మ గీసిన ఇద్దరూ చుక్కల చీరలతో వంగి నిలబడ్డారు. కోటయ్య గీసిన ఆమె పక్కకు చూస్తూ, చెవిదాకా కన్నుతో నిలబడింది. బాలకోటయ్య గీసిన ఆమె తుఫాను వచ్చినా కదలనంత బరువుగా కూర్చుంది. మస్తానయ్య గీసిన ఆమె పెదాలు దుకాణం బోర్డు మీది అక్షరాల్లా వంపులు తిరిగాయి. సుందరి మిరపచెట్లన్నిటినీ చుక్క చుక్కగా పొడిచింది. అబిదా వాటికి తీగల్లాంటి కొమ్మలు అల్లింది. మక్బూల్ పక్కన ఒక ఎడ్లబండి గీసి, ఎద్దు కొమ్ములకు కుచ్చులు కూడా పెట్టాడు. మౌలాలీ గట్టుమీది గడ్డిని ఉర్దూ రాత రాసినట్టు కుడినుంచి ఎడమకు లాగుతూ పోయాడు. ఇవన్నీ ఒకదానికొకటి తగలకుండా సారమ్మ మధ్యలో నేల, నీడ, గట్టు సర్దింది.

"సెక్రటరీ గారూ, మీరు" అంది చివరికి.

"నాకు రాదు టీచరమ్మా. నేను తిప్పేవాణ్ణి."

"పదిమంది పని కనబడాలన్నాడంట గదా ఆయన" అంది రోశమ్మ. "నా లెక్కలో తొమ్మిదే వస్తన్నయ్."

ఆకాశం ఖాళీగా ఉంది. ఇన్నయ్య ముంత అడుగున మిగిలిన మసి కాటుకలో రెండు చేతుల వేళ్ళూ ముంచి, రాతి మీద పై వైపున ఒక్కొక్క వేలికొసా ఆనించాడు. ఎన్ని వేళ్ళుంటే అన్ని మచ్చలు.

"ఇయ్యేంది, ఈగలా?" అంది సుందరి.

"పిట్టలు. దూరంగా పోతన్నయ్."

"మరీ దూరం పోయినయ్."

జిగురు పూశారు. ఆరనిచ్చారు. అన్నం ఎవరికీ గుర్తులేదు. ఎన్నడూ వేళకు రాని నాలుగు గంటల బండి ఆ రోజే వేళకు వచ్చింది. గోపాలరావు గోడౌన్‌లోకి వచ్చేసరికి మౌలాలీ రాయి తడుపుతున్నాడు. ఇన్‌స్పెక్టరుకు కుర్చీ వేశారు, ఆయన కూర్చోలేదు. ఎరుపు ముందే పడ్డ కాగితాన్ని గుర్తులు సరిచూసి నల్ల రాతి మీద వేశారు. ఇన్నయ్య పిడి తిప్పాడు. మౌలాలీ కాగితం మూల పట్టుకుని నెమ్మదిగా ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాడు.

గోపాలరావు చాలాసేపు చూశాడు. గుమ్మంలోకి, వెలుగులోకి వెళ్ళి మళ్ళీ చూశాడు.

"ఇది ఒక్కరు గీసింది కాదే" అన్నాడు.

ఇన్నయ్య పిడి దగ్గరనుంచే అందుకున్నాడు. "పొద్దునవరకు ఒక్కరు గీసిందే ఉందండీ, మా టీచరమ్మది. చానా బాగుండేది. అది చెడిపోయింది. ఇది ఏదో ఆదరాబాదరా..."

"అదే ఉండి ఉంటే నేను ఈ కాగితాలు వెనక్కి పట్టుకుపోయేవాణ్ణి" అన్నాడు గోపాలరావు. "ఒక టీచరు, తొమ్మిది మంది బామ్మర్దులు అని రాసుకునేవాణ్ణి." వేలు తాకించకుండా బొమ్మ మీద చూపించాడు. "ఈ పక్కచూపు ఆమె ఎవరిది?"

కోటయ్య లేచి నిలబడ్డాడు.

"ఈ రాతి విగ్రహంలాంటి ఆమె?"

బాలకోటయ్య లేచాడు. అలా ఒక్కొక్కరినే అడిగాడు. పేర్ల జాబితా తీయనేలేదు. చెట్ల చుక్కల దగ్గర సుందరి, తీగల దగ్గర అబిదా, ఎద్దు దగ్గర మక్బూల్, అందరూ తమ తమ పనిని బట్టే లేచి నిలబడ్డారు. ఆఖరున ఆకాశం దగ్గర ఆగాడు.

"ఈ ఈగలు?"

"పిట్టలండీ" అన్నాడు ఇన్నయ్య. "నావే."

గోపాలరావు వాటిని లెక్కపెట్టాడు. ఎనిమిది. పిడి మీదున్న ఇన్నయ్య చేతి వైపు ఒకసారి చూశాడు. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు. పోయేటప్పుడు, ఆ కాగితం నాకు ఇస్తారా, మా ఇంట్లో మిరపచేను బొమ్మ లేదు అన్నాడు.

అప్పుడు ఇన్నయ్య అందరి ముందూ నిలబడి చేతులు జోడించి మాట్లాడాడు. "మౌలాలీ మామా, చెయ్యి పట్టుకుని పిడి మీద పెట్టావు, నీకు నా జన్మంతా దండాలు. టీచరమ్మా, పన్నెండు రోజుల కష్టం పోతే ఒక్క మాట అనలేదు, ఆ మనసుకు దండం. బాలకోటయ్య బాబాయ్, నీ నూనె లేకపోతే మనం వెనక్కి పోయేవాళ్ళం, నీకు రెండు దండాలు. ఫిలోమినా, నీ కాటుక ఈ సంఘానికి కళ్ళు పెట్టింది. మీరు పదిమందీ లేకపోతే నేను బెంచీ మీద మనిషిని." గోడౌనంతా చప్పట్లతో మోగింది.

ఈ కథలో నేను కల్పించింది ఆ ఉపన్యాసం. ఇన్నయ్య అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. ఆ రోజు అసలేమీ అనలేదు. బయటికి పోయి బిందెడు నీళ్ళు, ఒక చెంబు, మిగిలిన సబ్బు ముక్క పట్టుకొచ్చాడు. అందరి చేతులూ మోచేతులదాకా మసే. వాకిట్లో ఒక్కొక్కరినే పిలిచి, వంగి, చేతుల మీద నీళ్ళు పోశాడు. మౌలాలీ చేతులు కడిగించి, బాలకోటయ్య చేతులు కడిగించి, వరసగా అందరివీ అయ్యాక ఫిలోమినా దగ్గరికి వచ్చాడు.

"నాకెందుకయ్యా, నేను కడుక్కోలేనా" అంది ఆమె.

"పట్టు" అన్నాడు ఇన్నయ్య, చెంబు వంచుతూ.